కాంపౌండరే చంపిండు

సకల జనుల సమ్మె రోజులు. బడి లేదు, బస్సు లేదు. కోరుట్లలో టీచరు కృపారాణి ఆ ఉదయం ఒకటే అనుకుంది: రిలే నిరాహార దీక్షలో కూర్చుని, లైబ్రరీ నుంచి తెచ్చిన డిటెక్టివ్ నవల సాయంత్రంలోపు పూర్తి చేయాలి. ఆ నవల కోసం ఆమె ఎండాకాలం నుంచి ఎదురుచూస్తోంది.

రెండో అధ్యాయంలో షావుకారుకు నిమ్మరసం ఇస్తూ కాంపౌండరు అదోలా నవ్వాడు. ఆమెకు అనుమానం వచ్చి చివరి పేజీ తిప్పింది. హంతకుడు వాడే! ఒళ్లు మండిపోయి టెంటు వెనక్కి వెళ్లి, జగిత్యాలలో ఉన్న చెల్లెలు మంజులకు ఫోన్ చేసింది.

"కాంపౌండరే చంపిండే! నిమ్మరసంల విషం కలిపిండు. మొఖం సూస్తెనే తెలుస్తున్నది. పోలీసోళ్లకే తెలుస్తలేదు!"

పరదాకు ఇవతల దీక్షలో ఉన్న బీడీలు చుట్టే లసుమవ్వ చెవిన ఆ మాట పడింది. ఆమెకు తెలిసిన కాంపౌండరు వెంకటేశం ఒక్కడే. రోజూ దీక్షాపరులకు బీపీ చూసి, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి ఆ రోజు దీక్ష విడిపించేది అతనే. లసుమవ్వ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, పక్కనున్నామెకు తప్ప. పక్కనున్నామె కూడా అంతే.

సాయంత్రం వెంకటేశం నిమ్మరసం జగ్గుతో నవ్వుతూ వచ్చాడు.

"తాగు లసుమవ్వా, దీక్ష ఇడువు."

"నేనిడువ. తెలంగాణ అచ్చినంకనే తాగుత."

"నేను గూడ," అంది పక్కనున్నామె. వరసంతా అదే మాట. కడుపు కాలిపోతున్నా, అందరిలో ఒక్కతే తాగితే బాగుండదని కృపారాణి కూడా తల అడ్డంగా ఊపింది.

వెంకటేశం కళ్లు చెమర్చాయి. మైకు అందుకున్నాడు. "మన ఆడబిడ్డలు ఆమరణ దీక్షకు కూసున్నరు!"

ఊరు కదిలింది. డప్పులొచ్చాయి, టీవీ కెమెరా వచ్చింది, పెగడపల్లి నుంచి ట్రాక్టర్ల నిండా జనం వచ్చారు. సమ్మె మొదలైన నాటి నుంచి ఆ టెంటు అంత జనాన్ని చూడలేదు. టీవీ చూసి మంజుల స్కూటీ మీద ఉరికొచ్చింది.

"అక్కా! గా నవల బాగలేదని సస్తవా ఏంది?"

"నవలేంది బిడ్డా?" లసుమవ్వ అడ్డం తగిలింది. "విషం కలిపింది గీ వెంకటేశమే గద!"

కృపారాణికి అప్పుడు వెలిగింది. గబగబా పుస్తకం ఎత్తి చూపింది. "అవ్వా! చంపింది గీ పుస్తకంల కాంపౌండరు!"

వెంకటేశం ఒక గ్లాసు నింపి, అందరి ముందూ గటగటా తాగేశాడు. జనం గొల్లున నవ్వారు. కానీ అంత జనాన్ని ఏం చెప్పి పంపాలి? కెమెరా తన వైపే తిరగడంతో కృపారాణి మైకు తీసుకుంది.

"నవలల ఆఖరికి ఏమైతదో ముందే తెలిస్తె నాకు మస్తు కోపమస్తది. గీ ఉద్యమంల ఆఖరికి ఏమైతదో గూడ మనకందరికి ముందే తెల్సు. గిది తెలిస్తె మాత్రం నాకు సంబురమైతున్నది! ఏమైతది, చెప్పున్రి!"

"జై తెలంగాణ!"

టెంటు గుంజలు అదిరాయి. డప్పులు మోగుతుండగా వరసంతా నిమ్మరసం తాగి దీక్ష విరమించింది.

లసుమవ్వ మాత్రం తన గ్లాసులోంచి వెంకటేశంతో ఇంకో గుక్క తాగించాకే పుచ్చుకుంది.