దుప్పటి వెనక స్పీకర్లు

ఆ ఆదివారం పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. వంట మొదలుపెట్టేలోగా రెండు జతల స్పీకర్లు విని, మంచివి ఉంచుకుని, రెండోవి సాయంత్రం షాపు మూసేలోగా వెనక్కిచ్చి రావాలి. అంతే. ఇంత పనికి ఒక దుప్పటి, ఒక నీళ్ళ మోటారు, ఒంటినిండా సబ్బుతో ఒక పెద్దమనిషీ కావలసి వస్తారని ఎవరు మాత్రం అనుకుంటారు?

స్పీకర్లు కోడలికి. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటల్ని ఇంట్లో కూర్చుని విని, టైపు చేసి పంపడం ఆమె పని. మూడేళ్ళ కష్టం మీద సంపాదించుకున్న పని. ఈమధ్య చెవిలో కురుపు లేచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దన్నారు. పాత స్పీకర్లేమో ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా గుర్రుమనేవి. ఆ గుర్రులో ఒకరోజు సగం వాక్యం కొట్టుకుపోయింది. ఆఫీసు మేడమ్ ఫోను చేసి, "ఈ సోమవారం పొద్దున్నే ఒక రికార్డింగు పంపిస్తానమ్మా. అందులో ఒక్క మాట పోయినా ఈ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకు" అంది. అనుకోకుండా ఎలా ఉంటుంది పాపం? ఆ పిల్లకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

చేతిలో డబ్బు చూస్తే పెద్ద స్పీకర్లు రావు. బల్ల చూస్తే పెద్దవి పట్టవు. బీరువాకీ కిటికీకీ మధ్య ఇరికించిన బల్ల అది. కంప్యూటరు తెరకి అటూ ఇటూ ఒక్కో మంచినీళ్ళ గ్లాసుకి చోటుంటే గొప్ప.

"చిన్నవై ఉండాలి, చవకవై ఉండాలి, మాట మాత్రం ముత్యంలా వినపడాలి. అంతేగా?" అన్నాడు ఆమె భర్త.

అతను కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తాడు. ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? పోనీ ఇది బాగుందా?" అని అడగడం రోజంతా అతని ఉద్యోగం. ఇంటికొచ్చినా అది వదలదు. ఒకసారి పప్పులో ఉప్పు తగ్గిందంటే రెండు గిన్నెల్లో వేరువేరుగా ఉప్పు వేసి, కళ్ళు మూసుకుని తినమని అందరి ప్రాణాలూ తీశాడు.

అతని తల్లి పద్ధతి వేరు. ఆవిడ వస్తువుని చేతిలో పెట్టుకుని బరువు చూస్తుంది. బక్కెట్టైనా అంతే, తాళంకప్పైనా అంతే. షాపతను నమ్మి ఇంటికి పంపిన రెండు జతలూ ఎత్తి చూసింది. ఒకటి నల్లటి బుల్లి చెక్కపెట్టెలు. రెండోవి గుండ్రంగా, మెరుస్తూ, రంగురంగుల దీపాలతో, గుండ్రాయంత బరువుగా ఉన్నాయి.

"ఈ గుండ్రాళ్ళు ఉంచండి. చెయ్యి లాగేస్తోంది. సరుకుంది లోపల" అంది.

"అమ్మా, బరువు చూసి కొనడానికి ఇదేమన్నా గుమ్మడికాయా?"

"ఒరేయ్, నిన్ను పుట్టగానే ముందు బరువే చూశారు."

కోడలు నవ్వు దాచుకుని, "అత్తయ్యా, ఈయన పరీక్ష ఈయన్ని చెయ్యనిద్దాం, లేకపోతే మధ్యాహ్నం అన్నం ఉండదు" అంది.

అతను బీరువా పిడికీ కిటికీ ఊచకీ మధ్య తాడు కట్టి, దుప్పటి అడ్డంగా వేలాడదీశాడు. బల్లా, కంప్యూటరూ, కిటికీ, తనూ దుప్పటికి ఆవల. ఆడవాళ్ళిద్దరూ ఈవల కుర్చీల్లో. ఏ జత మోగుతోందో తెలియకూడదట. తెలిస్తే కళ్ళు చెవులకి అబద్ధాలు చెప్తాయట.

మరి ఏం వినాలి? అందరికీ బాగా తెలిసిన గొంతు కావాలన్నాడతను. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన గొంతు ఒకటే, మేడ మీద ఉండే ఇంటాయనది. డాబా మీద నీళ్ళ ట్యాంకు. దాని మోటారు స్విచ్చేమో కింద టైలరు కొట్టు పక్కన. ట్యాంకు నిండగానే ఇంటాయన పైనుంచి కేక వేస్తాడు, టైలరు కుట్టు ఆపి వచ్చి స్విచ్చి కట్టేస్తాడు. స్విచ్చి పైకి పెట్టించుకోవచ్చుగా అంటే, "గొంతుండగా వైరెందుకు?" అన్నాడాయన. ఒకరోజు టైలరు పలక్కపోతే అదే కేకని రికార్డు చేసి అద్దెకున్నవాళ్ళందరి ఫోన్లకీ పంపాడు. అది కోడలి కంప్యూటర్లో భద్రంగా ఉంది.

"సిద్ధమేనా? మొదటిది!" అన్నాడు దుప్పటి వెనకనుంచి.

"మోటారాపండీ! ట్యాంకు పొర్లిపోతోందీ!"

ఇద్దరూ కుర్చీల్లో ఉలిక్కిపడ్డారు. కింద టైలరు కూడా ఉలిక్కిపడ్డాడు. కిటికీ తెరిచే ఉంది మరి. అతను సూది నోట్లో పెట్టుకుని పరుగెత్తి, అప్పుడే వేసిన మోటారు కాస్తా కట్టేశాడు.

సరిగ్గా అప్పుడే పైన, ఖాళీ ట్యాంకులోకి నీళ్ళు రావడం మొదలైందని నమ్మి, ఇంటాయన నెత్తికి సబ్బు పట్టించాడు.

"బాగానే ఉందండీ, స్పష్టంగా ఉంది" అంది కోడలు.

"ఊఁ, పర్లేదు" అంది అత్తగారు. "రెండోది పెట్టు."

అతను కేక మళ్ళీ మోగేలా నొక్కి, బల్ల కిందికి దూరి మొదటి జత తీగ పీకి, రెండో జత తీగ చీకట్లో తడుముతూ ఒక కన్నంలోకి నెట్టాడు. నెట్టీనెట్టగానే గొంతు మోగింది.

"మోటారెవడాపాడూ! వెయ్యండీ!"

ఆ గొంతు స్పీకర్లలోది కాదు. ఆ కిటికీకి నేరుగా పైన ఇంటాయన స్నానాలగది కిటికీ ఉంది. తీగేమో మైకు పెట్టే కన్నంలోకి వెళ్ళింది. గుండ్రాళ్ళు దీపాలు వెలిగించుకుని నోరు మూసుకుని కూర్చున్నాయి. కానీ బల్ల కింద తల పెట్టుకున్నవాడికి అదెలా తెలుస్తుంది?

"ఇదీ గొంతంటే!" అంది అత్తగారు తొడ చరిచి. "మనిషి నెత్తి మీద నుంచుని అరిచినట్టుంది!"

"కానీ అత్తయ్యా, మాటలు మారాయేంటి?"

"మారలేదమ్మాయ్. ఆ మొదటివి మింగేసిన మాటలు ఇవి కక్కుతున్నాయి!"

కోడలు కుర్చీలోంచి లేచింది. మాటలు మింగే స్పీకర్లంటే ఆమె పని గోవిందా కదా. "ఏవండీ, నిజంగా మొదటివాటిల్లో ఈ మాటలు లేవు" అంది.

"కంగారుపడకు. మళ్ళీ మొదటిది విను" అని అతను తీగలు మార్చాడు.

"మోటారాపండీ!"

ఇంటాయన మాట విని అప్పుడే మోటారు వేసి వచ్చిన టైలరు, మళ్ళీ వెళ్ళి కట్టేశాడు. "ఈయనకివాళ ఏమైందిరా దేవుడా! వెయ్యమంటాడు, ఆపమంటాడు. నేను చొక్కా కుట్టాలా, స్విచ్చి నొక్కాలా?" అని గొణుక్కున్నాడు.

"ఇక రెండోది" అన్నాడు దుప్పటి వెనకతను, తీగని అదే కన్నంలోకి తోస్తూ.

ఈసారి పైనుంచి కేక ఒక్కటే రాలేదు. మగ్గు గోడకేసి కొట్టిన చప్పుడు, బక్కెట్టు దొర్లిన చప్పుడు, ఇంటాయన ఎన్నడూ ఫోనులో పెట్టని రెండు తిట్లు, అన్నీ వచ్చాయి.

"బక్కెట్టు కూడా వినిపిస్తోందండీ! గది ఎంతుందో కూడా తెలుస్తోంది!" అంది కోడలు.

"ఆ తిట్టు చూడు, ఎంత గుండ్రంగా పలికిందో" అంది అత్తగారు.

తర్వాత అడుగుల చప్పుడు వచ్చింది. పైన మొదలై, ఎడమ వైపుకి జరిగి, మెట్టు మెట్టూ దిగుతోంది.

"ఎడమా కుడీ విడివిడిగా తెలుస్తున్నాయా?" అని ఆశగా అడిగాడతను.

"తెలియడమేంటి, మనిషి నడిచి వస్తున్నాడు!" అంది కోడలు.

దబదబా తలుపు కొట్టిన చప్పుడు.

"ఆహా!" అంది అత్తగారు కళ్ళు మూసుకుని. "అచ్చం మన తలుపే!"

"ఇంక చాలండీ, ఇవే ఉంచుకుందాం. ఆ నల్లవి ఇచ్చేసి రండి" అంది కోడలు, గుండెల్లో బరువు దిగినట్టు.

తలుపు తెరుచుకుంది. ఇంటాయన నిలబడ్డాడు. నడుముకి తువ్వాలు, నెత్తిన నురగ, ఒక కన్ను మూత. వెనక సూది నోట్లో పెట్టుకుని టైలరు. ఇంటాయన ఒంటికన్నుతో దారి వెతుక్కుంటూ వచ్చి దుప్పటికి తగులుకున్నాడు. తాడు తెగింది. బల్ల కిందినుంచి బయటికొస్తున్నవాడి మీద దుప్పటీ, దుప్పటి మీద కాస్త నురగా పడ్డాయి.

"నా గొంతుతో మోటారాపిందెవరు?"

దుప్పటి లోపల్నుంచి, "మీరేనండీ, రికార్డులో" అని సమాధానం వచ్చింది.

సంగతి బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు. తీగ ఏ కన్నంలో ఉందో చూసి కోడలు నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ఇంకొంచెముంటే మంచివి ఇచ్చేసేవాళ్ళమండీ!"

"మీరివ్వాల్సింది స్పీకర్లు కాదు, ఇల్లు! ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యండి!" అన్నాడు ఇంటాయన.

"అన్నయ్యగారూ, ముందు మొహం తుడుచుకోండి" అని అత్తగారు ఒక చెంబెడు నీళ్ళూ కుర్చీ ఇచ్చింది. "మీ గొంతు అందరికీ తెలుసనే కదా ఎంచుకున్నాం. ఒక్కసారి మీరూ వినండి."

నల్లపెట్టెల్లో కేక మోగింది. ఇంటాయన తుడుచుకోవడం ఆపేశాడు. "ఎవరిది?"

"మీదే సార్" అన్నాడు టైలరు సూది తీసి.

"నేనిలా... చెవులు పగిలేలా అరుస్తానా?"

టైలరు సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

భర్త గబగబా గుండ్రాళ్ళ తీగని సరైన కన్నంలో పెట్టాడు. ఇప్పుడు అదే కేక దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు, మెత్తగా, దూరంగా, సగం అక్షరాలు అరిగిపోయి వినిపించింది. మోటారన్నది తెలుస్తోంది గానీ, ఆపాలో వెయ్యాలో తెలియడం లేదు. ఇంటాయన మొహం విచ్చుకుంది.

"ఇదీ నా గొంతు! ఎంత పెద్దమనిషి తరహాగా ఉంది! ఇవి నాకిచ్చెయ్యండి. షాపువాడికి డబ్బు నేను కట్టుకుంటాను."

అత్తగారు వాటిని చేత్తో ఎత్తి ఇస్తూ, "నేను ముందే చెప్పాను, సరుకుందని" అంది.

ఇల్లు ఖాళీ చెయ్యడం మాట మళ్ళీ రాలేదు. సోమవారం పొద్దున్న కోడలు నల్లపెట్టెల్లో రికార్డింగు విని, ఒక్క మాట పోకుండా టైపు చేసి పంపింది. డాక్టరు మధ్యలో ఆవలించిన చోటు కూడా ఆమెకి తెలిసింది. మేడమ్ ఫోను చేసి, "నువ్వే చెయ్యమ్మా" అంది. ఆ రోజు కోడలు రెండోసారి అన్నం వడ్డించుకుంది.

ఇంటాయన మారిపోయాడు. రోజూ ఆ గుండ్రాళ్ళలో తన గొంతు విని, అంత మెత్తగానే మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. ట్యాంకు నిండగానే పిట్టగోడ దగ్గరికి వచ్చి, "కొంచెం మోటారు ఆపుతారా" అని తనకి తనే చెప్పుకున్నట్టు అంటాడు. కింద టైలరు హాయిగా చొక్కాలు కుట్టుకుంటున్నాడు.

ట్యాంకు పొర్లే చప్పుడు మాత్రం, ఏ స్పీకర్లూ లేకుండానే వీధి చివరిదాకా స్పష్టంగా వినిపిస్తోంది.