ఏదైనాపర్లేదాసుర వధ

ఓ ఆకలీ! సకల ప్రాణికోటి జఠరకుహరములలో అనవరతము ప్రజ్వరిల్లు తల్లీ! చక్రవర్తినీ చప్రాసీనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టు సమదర్శినీ! ఈ వీరగాథకు శ్రీకారం చుట్టే ముందు నీకొక దండం. భక్తి కొద్దీ కాదు సుమా. ఆ సాయంత్రం నువ్వు కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే ఇంత ఘోరసంగ్రామం జరిగేది కాదు, చెప్పేవాడికి ఈ కంఠశోషా తప్పేది.

అది ఊరంతటికీ సెలవుదినం. కార్యాలయ కవాటములకు తాళాలు పడ్డాయి. బడిగంటలు మౌనవ్రతం పట్టాయి. పుట్టి బుద్ధెరిగి నవ్వని ట్రాఫిక్ పోలీసు సైతం కూడలిలో ఎవరినో చూసి నవ్వాడని ప్రత్యక్షసాక్షుల కథనం. సంధ్యారాగరంజితమైన పడమటి ఆకాశం కింద, ఒక్క తన్ను తంతే గానీ తలుపు తెరవని లిఫ్టుగల ఒకానొక మేడలో, మూడో అంతస్తున, తడిగొడుగులు ఆరబెట్టిన వరండా దాటి లోపలికి వెళ్తే వచ్చే హాల్లో, ఒక కుటుంబం మహాసభ తీర్చింది. సభాకార్యం ఒక్కటే: రాత్రి విందుకు ఏ హోటలుకు వెళ్ళాలి?

ఆ సభామధ్యంలో, సోఫా చివర, వాచిన పాదాలను పీట మీద పెట్టుకుని కూర్చున్న వీరనారి ఎవరనుకున్నారు? బస్టాండులో టికెట్ల కౌంటరు వెనుక కూర్చుని, ప్రళయకాల సముద్రమై విరుచుకుపడే ప్రయాణిక జనవాహినిని ఒక్క చూపుతో వరసలో నిలబెట్టే ప్రచండమూర్తి, చిల్లరకలహ విచ్ఛేదిని, ‘క్యూలో రండి’ మహామంత్ర సిద్ధురాలు. ప్రయాణికులందరూ ఆమెను కౌంటరమ్మ అంటారు. అలవాటైపోయి వీధివాళ్ళూ అదే అంటున్నారు. నిన్నటి దాకా ఊరిజనాన్నంతా వాళ్ళ వాళ్ళ సెలవులకు సాగనంపి, గొంతు బొంగురుపోయి, ఈ రోజుకు ఇంటికి దక్కింది.

దక్కిన రోజున పొద్దున్నే ఒక భీషణప్రతిజ్ఞ చేసింది. ‘ఈ రోజు నేను వంటింట్లో అడుగు పెట్టను’ అన్నది ఆ ప్రతిజ్ఞ. బ్రష్షు నోట్లో ఉండగా, నురగల మధ్య నుంచి చేసిన ప్రతిజ్ఞ కావడంతో దాని గాంభీర్యం ఇంట్లోవాళ్ళకు పూర్తిగా అందలేదు. ఆమెకు మాత్రం అది రాతిమీద గీత. ఎందుకంటే ఈ ఇంటి సెలవుల చరిత్ర ఆమెకు బాగా తెలుసు. చర్చ సాగుతుంది, సాగుతుంది, హోటళ్ళన్నీ నిండిపోతాయి, చివరికి అత్తగారు గొంతు సవరించుకుని, “పోనీలే, ఇంట్లోనే ఏదో ఒకటి చేసేసుకుందాం” అంటుంది. ఆ ‘చేసేసుకుందాం’లో ఇంటిల్లిపాదీ ఉంటారు, పొయ్యి దగ్గర మాత్రం కౌంటరమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ మాట ఇవాళ కూడా వెలువడిందా, ఏడాదికొకసారి వచ్చే ఈ సాయంత్రం కాస్తా మంటలపాలు.

ఇక శత్రువు సంగతి. వాడికి కోరలు లేవు, కొమ్ములు లేవు. చేతులు కట్టుకుని, తల వంచుకుని, అతివినయంగా ప్రవేశిస్తాడు. వాడే ఏదైనాపర్లేదాసురుడు. ఈ ఇంట్లో వాడికి అంత బలం రావడానికి కారణం ఒక ఇంటిచట్టం. ఎవరు హోటలు ఎంచితే వాళ్ళు మళ్ళీ సెలవు వచ్చేదాకా దోషులు. కిందటిసారి కౌంటరమ్మ భర్త, కళ్ళద్దాల కొట్టు యజమాని, పరదృష్టిదోష నివారణా ధురంధరుడు, స్వయంగా ముందుచూపు లేక ఒక హోటలు పేరు చెప్పి నోరు జారాడు. అక్కడ తల్లిగారి శాలువా మీద సాస్ ఒలికింది. నాటి నుంచి ఇంట్లో కుళాయి కారినా, కరెంటు పోయినా, “ఆ హోటలు ఎంచిన మనిషేగా!” అన్న నింద ఆయన నెత్తినే పడుతోంది. కాబట్టి ఈసారి ఆయన పెదవులు కుట్టేసుకుని కూర్చున్నాడు.

సమరభేరి మోగింది. అనగా, కౌంటరమ్మ అడిగింది.

“ఏమండీ, ఎక్కడికెళ్దాం?”

“నాకేదైనా పర్లేదు,” అన్నాడు భర్త, ఫ్యాన్ వైపు చూస్తూ.

అసురుడి మొదటి బాణం అది. రెండోది ఆమె మరిది అందుకున్నాడు. ఇతడు బీమా కంపెనీలో నష్టాలు అంచనా వేసే ఉద్యోగి. సర్వవస్తు ప్రమాదాన్వేషణా ధురంధరుడైన అతడికి నిద్రవేళ దిండు చూసినా ఊపిరాడదేమోనన్న అనుమానం వస్తుంది.

“నాకూ ఎక్కడైనా ఒకటే వదినా. ఇదిగో, దీనికి నాలుగున్నర స్టార్లున్నాయి. కానీ ఒకాయన ఫోర్కు మురికిగా ఉందని రాశాడు.”

“ఎప్పుడు రాశాడు?”

“చాలా ఏళ్ళయింది.”

“ఆ ఫోర్కు ఇంకా అక్కడే ఉంటుందా ఏంటి?”

“లేదని గ్యారంటీ ఏంటి వదినా?”

కాలేజీలో చదివే కూతురు కుర్చీలో తలకిందులుగా వేలాడుతూ మూడో బాణం వేసింది. “నాకెక్కడైనా ఓకే అమ్మా. బజార్లో ఉన్నది మాత్రం వద్దు, అక్కడికి మా క్లాసువాళ్ళంతా వస్తారు. పార్కు దగ్గరది కూడా వద్దు.”

“అదెందుకు వద్దే?”

“అక్కడికి ఎవరూ రారు.”

ఇక అత్తగారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్. సింహావలోకనంతో తరగతుల్ని గడగడలాడించిన ఆ వృద్ధసింహి శాలువా సవరించుకుని శాంతంగా సెలవిచ్చింది. “నాదేముందమ్మా, ఈ వయసులో ఎక్కడ తిన్నా రెండు ముద్దలే కదా. కారం లేకుండా, ఏసీ లేకుండా, మెట్లు లేకుండా, ఆ పాటల గోల లేకుండా ఉంటే చాలు.”

కారం, ఏసీ, మెట్లు, పాటలు ఏవీ లేని చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది. అది గ్రంథాలయం.

యుద్ధం ఘోరమైంది. పేర్లు లేస్తున్నాయి, లేచిన పేరు లేచినట్టే నేలకూలుతోంది. ఒకటి దూరమని, ఒకటి మరీ దగ్గరని, ఒకటి కొత్తదని, ఒకటి చూసీ చూసీ విసుగని. మరిది తన ఫోనులోంచి రణవార్తలు వినిపిస్తున్నాడు. “ఇంకోటి నిండిపోయింది వదినా. అయ్యో, ఇదీ అయిపోయింది.” గొంతులో బాధ ఉంది గానీ, ఎంచవలసిన బెడద ఒకటి తగ్గిందన్న తృప్తి కూడా లేకపోలేదు.

అప్పుడు, ఏ శబ్దం విన్నంతనే ఇన్నేళ్ళుగా కౌంటరమ్మ అరచేతులు తమంతట తామే గరిటె కోసం వెతుకుతాయో, ఏ శబ్దం వెలువడగానే భర్త పేపరులోకీ మరిది ఫోనులోకీ కూతురు గదిలోకీ జారుకుంటారో, ఆ దారుణ శబ్దం, అత్తగారు గొంతు సవరించుకునే ఆ ఖంగుమన్న శబ్దం, హాలంతటా ప్రతిధ్వనించింది.

“పోనీలే, ఇంట్లో—”

“ఆగండత్తయ్యా!”

కౌంటరమ్మ లేచింది. పీట పక్కకు దొర్లింది. పాదాల నొప్పి ఎటుపోయిందో తెలియదు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో, గిన్నెలు అందించుకోవడానికి ఒక చిన్న కిటికీ ఉంది. హాలువైపు నుంచి ఆ కిటికీ ముందుకు ఒక కుర్చీ లాక్కుని, చెక్కతలుపు జరిపి, నడుం నిటారుగా చేసి కూర్చుంది. చూసినవాళ్ళకు అది గిన్నెల కిటికీలా లేదు.

“అందరూ వంటింట్లోకి నడవండి. ఆ వైపు నుంచి వరసలో రండి. కిటికీ దగ్గరకు ఒక్కొక్కరే.”

“వంటింట్లోకా? ఎందుకు?” అన్నాడు భర్త.

“నేను ఇవాళ వంటింట్లో అడుగు పెట్టనన్నాను. మీరెవరూ అనలేదు కదా. నడవండి.”

కౌంటరు గొంతు అది. ఆ గొంతు విని మీసాలు మెలేసిన పహిల్వాన్లు సంచులెత్తుకుని వెనక్కి జరిగారు, వీళ్ళెంత? నలుగురూ బిలబిలమంటూ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన వరసగా నిలబడ్డారు. పొగ లాగే ఫ్యాను చెడిపోయి చాలాకాలమైందన్న సంగతి వాళ్ళలో ముగ్గురికి అప్పుడే తెలిసింది.

“ఇక్కడ ఉక్కగా ఉందే!” అన్నాడు భర్త నుదురు తుడుచుకుంటూ.

“అవును. ఉంటుంది,” అంది కౌంటరమ్మ. “రూలు ఒక్కటే. ‘ఏదైనా’ అనే ఊరికి మా దగ్గర బస్సు లేదు. పేరు చెప్పండి, లేకపోతే వెనక్కి వెళ్ళండి. ఇంకో మాట. బస్సు ఆలస్యమైతే ప్రయాణికుణ్ణి ఎవరూ తిట్టరు. ఇవాల్టి నుంచి ఈ ఇంట్లోనూ అంతే, పేరు చెప్పినవాళ్ళని ఎవరూ తిట్టకూడదు. చెప్పండి, ఎక్కడికి?”

“నాకు ఏదై—”

“నెక్స్ట్!”

దృష్టిదోష నివారకుడు వరస చివరికి వెళ్ళాడు.

“వదినా, వీటిల్లో రిస్కు తక్కువున్నది ఏదంటే—”

“నీకు తినాలనున్నది అడిగాను. నెక్స్ట్!”

తర్వాతి వంతు కూతురిది. వెనక్కి తిరిగి చూసింది. వెనక నాయనమ్మ ఉంది, ఉక్కపోత ఉంది. “మాల్ పైన కొత్తగా పెట్టారే, అక్కడికి,” అనేసింది గబుక్కున. “మావాళ్ళు ఉంటే ఉండనీ.”

ఏదైనాపర్లేదాసురుడికి మొదటి గాయమైంది.

తర్వాత అత్తగారు కిటికీ దగ్గరకు వచ్చి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “ఆ పాటలు గట్టిగా పెడతారే, అక్కడికి.”

“మీకు పాటల గోల పడదుగా అత్తయ్యా?”

“పడదు. కానీ అక్కడైతే మీరంతా నోరు మూసుకుని తింటారు. నాకు ప్రశాంతంగా ఉంటుంది.”

మళ్ళీ వంతు వచ్చిన మరిది సిగ్గుతో ముఖం ఎర్రబడగా, కాలేజీరోజుల్లో తిన్న నూడుల్స్ బండి పేరు చెప్పాడు. దానికి స్టార్లే లేవట. చెప్పేటప్పుడు అతడి గొంతులో ఎన్నడూ లేని మార్దవం. భర్త స్టేషను పక్కన చేపలు వేయించే చోటు అడిగి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనకపోయేసరికి నమ్మలేక, కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఎన్నాళ్ళ నుంచో కడుపులో దాచుకున్న కోరికలు ఆ కిటికీలోంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. అసురుడు నెత్తురోడుతూ హాల్లో మూలకు చేరాడు.

నలుగురివీ నాలుగు దారులు. తేల్చవలసింది కౌంటరే. అప్పుడు అత్తగారు కిటికీలోకి మళ్ళీ తల పెట్టింది.

“మరి నీ సంగతేంటి? నీకెక్కడికి వెళ్ళాలనుంది?”

“నాకేముందత్తయ్యా,” అంది కౌంటరమ్మ చేత్తో కొట్టిపారేస్తూ. “నాకేదైనా పర్లేదు.”

అనేసింది.

కిటికీ అవతల నాలుగు ముఖాలు ఆమెనే చూస్తున్నాయి. హతవిధీ! ఏ శత్రువును వెతికి, చీల్చి, చెండాడి మూలకు తరిమిందో, ఆ శత్రువు మొదటి నుంచీ తలదాచుకున్నది ఆమె గొంతులోనే! అందరికన్నా ఎక్కువసార్లు ఆ మాట అన్నది ఆమే. చివరి ముక్క ఎవరికంటే, కిటికీ సీటు ఎవరికంటే, టీవీలో ఏం పెట్టాలంటే, ఆమె జవాబు అదే. అనీ అనీ తనకేం కావాలో తనకే తెలియని స్థితికి వచ్చింది. ఆ సంగతి ఆ క్షణాన తెలిసివచ్చి కౌంటరమ్మకు సిగ్గు వేసింది, దానికన్నా ఎక్కువగా ఏడుపు వచ్చింది.

“ఆ ఊరికి బస్సు లేదన్నావుగా,” అంది హెడ్మిస్ట్రెస్. గొంతులో కాఠిన్యం లేదు. “పేరు చెప్పు తల్లీ. లేకపోతే నెక్స్ట్ అంటాను.”

ఆహా, ఆ అంతర్యుద్ధం ఏమని వర్ణించేది! ఒకవైపు ‘పిల్లదానికి మాల్ ఇష్టం కదా’ అనే గజబలం, మరొకవైపు ‘ఆయన పాపం చేపలన్నారు’ అనే అశ్వబలం, నడుమ ‘నాదేముందిలే’ అనే అపార పదాతిదళం చుట్టుముట్టగా, కంఠనాళమనే ఇరుకు కనుమలో ఒంటరిగా, నిరాయుధంగా, ఏళ్ళ తరబడి అన్నం లేక చిక్కిపోయిన ఒక చిన్న కోరిక తోసుకుంటూ, పడుతూ, లేస్తూ నాలుక చివరికి వచ్చి నిలబడింది.

“బస్టాండు వెనక టైర్ల కొట్టుంది కదా,” అంది కౌంటరమ్మ మెల్లగా. “దాని పైన ఒకటుంది. సాయంత్రం నా బస్సు అక్కడ సిగ్నల్లో ఆగుతుంది. పైన కిటికీ పక్కన ఎవరో ఒకరు కూర్చుని తింటూ ఉంటారు, తొందరేం లేకుండా. ఏం పెడతారో కూడా నాకు తెలీదు. ఆ కిటికీ దగ్గర కూర్చోవాలనుంది.”

“మెట్లున్నాయా?” అడిగింది అత్తగారు.

“ఉన్నాయి.”

“పట్టుకోడానికి కమ్మీ ఉందా?”

“ఉంది.”

“అయితే పదండి. చెప్పులేసుకోండి అందరూ.”

“దానికి ఎన్ని స్టార్లో ఒక్కసారి చూసి—” అన్నాడు మరిది.

“నెక్స్ట్!” అన్నారు మిగిలినవాళ్ళంతా ఏకకంఠంతో. ఆ సింహనాదానికి ఏదైనాపర్లేదాసురుడు గుండె పగిలి, సోఫా కింద పడి ప్రాణాలు విడిచాడు.

టైర్ల కొట్టు పైన కిటికీ పక్క బల్ల ఖాళీగానే ఉంది. దిగువన సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది, కదిలింది. పొగలు కక్కుతున్న పెద్ద గిన్నె వచ్చి బల్ల మధ్యలో దిగింది. అలవాటు చొప్పున కౌంటరమ్మ చెయ్యి గరిటె కోసం వెళ్ళింది. గరిటె అక్కడ లేదు. అప్పటికే అది అత్తగారి చేతిలో ఉంది.

“నీ ప్లేటు ఇటివ్వు,” అంది అత్తగారు. “ముందు నువ్వు తిను. మేం తర్వాత వడ్డించుకుంటాం.”

“అందరూ మొదలుపెట్టాక—”

“తినమంటున్నానా!”

కౌంటరమ్మ చెంచా నోట్లో పెట్టుకుంది. నాలుక చుర్రుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భర్త కంగారుగా నీళ్ళ గ్లాసు అందించబోతే వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టి, ఊదుకుంటూ, నవ్వుతూ రెండో చెంచా ఎత్తింది.

దశదిశల జనులారా, వినుడు! దుందుభులు మోగింపుడు! దుర్గములు పట్టుబడలేదు, రాజ్యములు చేజిక్కలేదు, కిరీటములు నేలరాలలేదు. పెళ్ళయిన నాటి నుంచి అందరికీ వడ్డించి, అందరూ లేచాక, అడుగూ బొడుగూ చల్లారినవి తింటూ వచ్చిన ఒక మనిషి, ఆ సెలవు సాయంకాలమున, తానెంచిన చోట, తన నాలుక తాను కాల్చుకొనెను. జయము! జయము!