కంటైనర్లో ఉన్నదెవరు?

"ఈ ఊళ్ళో నేరస్థులు రెండే రకాలు. నేను పట్టుకున్నవాళ్ళు, నేను పట్టుకోబోయేవాళ్ళు!" అని ప్రకటించారు భూతద్దం మాస్టారు, దర్జీ కొట్టులో స్టూలు మీద కాలు మీద కాలేసుకుని.

"మొదటి రకంలో ఎంతమందున్నారు మాస్టారూ?" అన్నాడు దర్జీ, పళ్ళ మధ్య గుండుసూదులతోనే.

"అంకెలు అల్పులకి."

బళ్ళో బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మరునాడే ఆయన తనకు తానే డిటెక్టివ్ పదవి కట్టబెట్టుకున్నారు. మొన్నామధ్య ఒక అనుమానాస్పద వ్యక్తిని వారంపాటు నీడలా వెంటాడి, చివరికి మీదపడి పట్టుకున్నారు. తీరా చూస్తే అతను కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్. ఆ వారం వీధిలో ఎవరికీ ఉత్తరాలు సరిగ్గా అందలేదు.

కొట్టుకి పైవాటాలో మాస్టారి మేనకోడలు ఉంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం ఆమె పని. కాఫీ దొరుకుతుందేమోనని మాస్టారు మెట్లెక్కి, తలుపు తట్టబోయి ఆగిపోయారు. లోపల్నించి మేనకోడలి గొంతు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

"లోపల బతికే ఉందే! నేను చూశాగా. కంటైనర్లోంచి బయటికి మాత్రం రావట్లేదు... ఆ, పోర్టు దగ్గరే ఆగిపోతోంది... సరే, ముందు పిల్లని చంపేస్తా. తల్లి జోలికి వెళ్ళను."

మాస్టారు కాఫీ సంగతి మర్చిపోయి, రెండేసి మెట్లు ఒక్కసారే దిగి కొట్టులో పడ్డారు.

"ఘోరం! ఓడరేవులో ఇనప కంటైనర్! అందులో ఒక తల్లీ, పిల్లా! పిల్లని నా మేనకోడలే..."

"ఎవరు, మన అమ్మాయా? బల్లి కనిపిస్తే నన్ను కేకేస్తుందే!"

"బల్లిని చూసి భయపడ్డం ముసుగోయ్! ముసుగు!"

"మనకి ఓడరేవు ఎక్కడుంది మాస్టారూ? సముద్రమే లేదు కదా."

"అక్కడే ఉంది వాళ్ళ తెలివంతా. నడు!"

చెబితే వినే మనిషి కాదు కాబట్టి దర్జీ కూడా బయల్దేరాడు. మెళ్ళో వేలాడుతున్న కొలతల టేపు తీసే వ్యవధి కూడా ఇవ్వలేదు మాస్టారు.

ధడేలుమని మేనకోడలి తలుపు తెరుచుకుంది.

"చేతులు పైకెత్తు! ఆ పిల్ల ఎక్కడ?"

మేనకోడలు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏ పిల్ల మామయ్యా?"

"నువ్వు చంపుతానన్న పిల్ల!"

ఆమె ఆయన్నీ దర్జీనీ మార్చి మార్చి చూసింది. విషయం అర్థమయ్యేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అది ప్రోగ్రాం మామయ్యా. ఒక ప్రోగ్రాం ఇంకో చిన్న ప్రోగ్రాంని పుట్టిస్తే దాన్ని పిల్ల అంటాం. ఆపేస్తే చంపేశాం అంటాం."

"మరి కంటైనర్?"

"కంప్యూటర్లోనే ఒక మూసేసిన డబ్బా అనుకోండి. లోపలేం జరిగినా బయటి వాటికేమీ కాకుండా. దానికి నంబర్లున్న కిటికీలుంటాయి. వాటినే పోర్టులంటాం. లోపలి కిటికీని నా కంప్యూటర్ కిటికీకి కలిపితేనే ప్రోగ్రాం నాకు కనపడేది. పొద్దుట్నించీ కలుపుతున్నా, కలవట్లేదు." ఆమె తెర వైపు చూపించింది. "ఎవరికి ఏ రక్తం ఎక్కడ దొరుకుతుందో చెప్పే ప్రోగ్రాం అది. ఇంకాసేపట్లో ఆసుపత్రి వాళ్ళు చూస్తామన్నారు. కనపడకపోతే పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నేనూ నా ఫ్రెండూ దుకాణం కట్టేసుకోవాల్సిందే."

దర్జీ "అయ్యో" అన్నాడు. మాస్టారు అనలేదు. రక్తం అన్న మాట దగ్గరే ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఆహా, రక్తం! ఆధారం నేనే చూస్తా. జరుగు!"

"మామయ్యా, ముట్టుకోకండి! కిటికీలు కలిపే లైను టైపు చేశా, మళ్ళీ నడపబోతున్నా—"

భూతద్దం ముందుకు చాపి మాస్టారు ఒక్క అడుగు వేశారు. రెండో అడుగు, నేలకి జారిన దర్జీ టేపు చివర మీద పడింది. టేపు జారింది, మాస్టారు జారారు, టేపుతో పాటు దర్జీ కూడా ముందుకొచ్చాడు. మాస్టారి మోచెయ్యి ఠప్పుమని కీబోర్డు కుడిమూల మీద పడింది.

"అయిపోయింది. అంతా అయిపోయింది," అంటూ మేనకోడలు ఏం పాడైందో చూద్దామని పేజీ మళ్ళీ తెరిచింది.

తెర నిండా రక్తం గ్రూపులు. ఆసుపత్రుల పేర్లు. పచ్చగా మెరుస్తున్న చుక్కలు.

ఆమె గబగబా ఆ లైను చివర చూసింది. లోపలి కిటికీ నంబరు ఎనిమిది వేలు. తను పొద్దుట్నించీ ఎనిమిది వందలని కొడుతోంది. కళ్ళెదురుగానే ఉన్నా కనపడలేదు. మాస్టారి మోచెయ్యి చివర ఇంకో అంకెనీ, పక్కనే ఉన్న ఎంటర్‌నీ కలిపి నొక్కేసింది.

అంతలోనే ఆసుపత్రి వాళ్ళ వీడియో కాల్. ఆమె కళ్ళు తుడుచుకుని, తడుముకోకుండా అంతా చూపించింది. మధ్యలో "చాలా బాగుందమ్మా, సోమవారం నుంచి మొదలుపెడదాం" అన్న మాట గదిలో అందరికీ వినపడింది.

ఫోన్ పెట్టేశాక మాస్టారు మోచెయ్యి రుద్దుకుంటూ, గడ్డం పైకెత్తి నిలబడ్డారు.

"చూశావోయ్ దర్జీ! ఓడరేవు లేకుండా కేసు ఛేదించాను. ఏమ్మా, నువ్వే చెప్పు. ఇందులో నా పాత్రెంత?"

మేనకోడలు ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని మనస్ఫూర్తిగా అంది.

"సున్నా మామయ్యా."

"విన్నావా?" అన్నారు మాస్టారు, గర్వంగా దర్జీ వైపు తిరిగి.