కార్యాలయం మీదుగా ఇంటికి

ఒక పెద్ద అడవిలో దారి తెలిసిన జంతువులు చాలా ఉండేవి గాని, దారి తెలుసునని కాగితం ఉన్న జంతువు ఒక్కటీ లేదు. అధ్యక్షస్థానంలో ఉన్న ఎలుగుబంటికి ఇది పెద్ద వెలితిగా తోచింది.

"ఎవడికి తోచినట్టు వాడు తిరిగితే దాన్ని అడవి అనరు" అంది సమావేశంలో.

"మరేమంటారండీ?" అని అడిగింది కుందేలు.

"సమావేశం ముగిసింది" అంది ఎలుగుబంటి.

అలా దారుల శాఖ పుట్టింది. తలకో చిలకను పంచారు. చిలక వీపు మీద కూర్చుని చెప్పాలి, జంతువు నడవాలి. చిలక లేకుండా నడిస్తే మూడు రోజులు ఒంటికాలి మీద నిలబడాలి. కొంగలు ఈ శిక్షను లెక్కచేయలేదు గాని, మిగతావాళ్ళు హడలిపోయారు.

చిలకలకు దారులు నేర్పింది గుమాస్తా కొండముచ్చు. అది కార్యాలయంగా పెట్టుకున్న బండ దిగిన పాపాన పోలేదు. అందుకని దాని పాఠాలన్నీ బండ దగ్గరే మొదలయ్యేవి. "కార్యాలయం నుంచి వాగు: ముందుకు, కుడి, కుడి, ఎడమ." చిలకలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవి. తిరిగి రావాలంటే అదే పాఠాన్ని వెనకనుంచి చదివేవి. ఇంకో దారి వాటికి తెలియదు. కాబట్టి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలన్నా ముందు కార్యాలయానికి రావాల్సిందే. బండ చుట్టూ జనాన్ని చూసి ఎలుగుబంటి మురిసిపోయింది.

గున్నయ్య అనే పందికొక్కు కన్నం వాగు గట్టున ఉంది. అతను దుంపలు తవ్వుకునే చోటు ఆ పక్క పొద అవతలే. పూర్వం, భార్య సన్యాసమ్మ ఒక తిట్టు మొదలుపెట్టి ముగించేలోగా దుంపతో ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడు సగం రోజు పడుతోంది.

"పొద దాటితే మా ఇల్లే కదమ్మా" అని మొదటిరోజు చిలకతో వాదించాడు.

"మీ ఇల్లు కార్యాలయం తర్వాత వస్తుంది. వెనక్కి తిరగండి" అంది చిలక.

ఆరు నెలలయ్యేసరికి గున్నయ్యకు వాదించే ఓపిక పోయింది. కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకు. కాళ్ళు నడిచేవి, తల నిద్రపోయేది.

"ఏమయ్యా, మనింటి వెనక కానుగ చెట్టు ఇంకా ఉందా?" అని ఒకనాడు సన్యాసమ్మ అడిగింది.

"చిలకను అడుగు."

"సిగ్గులేదూ నీకు! ఆ చెట్టు కిందే కదా నన్ను పెళ్ళిచూపులు చూశావు!"

ఆ వానాకాలంలో ఆమె ఆరుగురు పిల్లల్ని కన్నది. వాళ్ళింకా కళ్ళు తెరవకముందే, ఒక మధ్యాహ్నం, గున్నయ్య నోట దుంపతో సరిగ్గా కార్యాలయం చేరిన వేళ, ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన మొదలైంది. చిలకలన్నీ ఒక్కసారిగా లేచి తొర్రల్లో దూరాయి. ఏనుగుతో సహా జంతువులన్నీ బండ చుట్టూ తడుస్తూ నిలబడిపోయాయి. దూరంగా వాగు హోరు.

గున్నయ్య దుంప వదిలేశాడు. "అయ్యా, వాగు పొంగితే నీళ్ళు నా కన్నంలోకే. కళ్ళు తెరవని పసికూనలు ఆరుగురు!"

"అర్జీ పెట్టుకో" అంది కొండముచ్చు. "పొడి ఆకు మీద రాయాలి సుమా."

"పొడి ఆకు ఎక్కడ తెచ్చేది ఈ వానలో?"

"అదీ అర్జీలోనే రాయి."

గున్నయ్య పరుగు తీశాడు. చాలాసేపు పరుగెత్తి తలెత్తి చూస్తే ఎదురుగా అదే బండ. మరోవైపు పరుగెత్తాడు. మళ్ళీ బండే.

"చూశావా, ఎటు పోయినా శాఖ దగ్గరికే!" అని కొండముచ్చు చప్పట్లు కొట్టింది.

మూడోసారి కళ్ళు మూసుకుని దూకాడు. ముక్కు ఠంగుమని ఒక మోడుకు తగిలింది. నొప్పితో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాంతో తల నిద్ర లేచింది. ఈ మోడు తెలుసు! పోయినేడు ఇక్కడే ఇలాగే గుద్దుకున్నాడు. అయితే ఎడమ పక్క ముళ్ళపంది తవ్విన గుంట ఉండాలి. ఉంది. ఆనందంగా అందులో పడ్డాడు. మట్టి నాకి చూశాడు, ఉప్పగా ఉంది. ఉప్పుమట్టి అంటే వాగు పల్లం. వెంటనే అడవంతా తలలో లేచి నిలబడింది. మోడు ఇక్కడ, గుంట ఇక్కడ, కానుగ అదిగో అక్కడ. మధ్యలో ముళ్ళకంప. అందులోంచి ఎవరూ ఏనాడూ నడవలేదు. గున్నయ్య నడిచాడు.

కన్నం గుమ్మంలో నీళ్ళు ఆడుతున్నాయి. ఇద్దరూ ఒక్కొక్క పిల్లనూ నోట కరుచుకుని ఆరుగురినీ కానుగ వేళ్ళ పైకి చేర్చారు. చివరి పిల్లను దింపి సన్యాసమ్మ ఊపిరి పీల్చుకుంది.

"దుంపేదీ?" అంది.

వాన వెలిశాక విచారణ పెట్టారు. "చిలక లేకుండా ఎలా చేరావు?" అని ఎలుగుబంటి గద్దించింది.

పిల్లలు బతికిన ఆనందంలో గున్నయ్య ఛాతీ విరుచుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ముక్కు సంగతి, గుంట సంగతి, మట్టి సంగతి. కొండముచ్చు అక్షరం పోకుండా రాసుకుంది. ఎలుగుబంటి లేచి నిలబడింది.

"అద్భుతం! రేపటినుంచి అందరికీ ఇదే దారి."

"అయ్యా, అది నా ముక్కండీ! ఎవరి దారి వాళ్ళ ముక్కుకే తెలియాలి గాని..."

"నీ ముక్కు ఒక్కటే గొప్పదా? శాఖకు అన్ని ముక్కులూ సమానం."

ఇప్పుడు ఆ అడవిలో ఎవరి ఇల్లు ఎక్కడున్నా చిలకలు ఒకటే పాఠం చెబుతున్నాయి. "మోడుకు ముక్కు గుద్దుకోండి. గుంటలో పడండి. మట్టి నాకండి. ఇల్లు వచ్చేసింది." గున్నయ్య వాపు తగ్గని ముక్కుతో గుంట దగ్గర వరసలో నిలబడ్డాడు. ముందు పడిన ఏనుగు ఇంకా పైకి రాలేదు.

నీతి: తప్పిపోయి దారి నేర్చుకున్నవాడు ఇల్లు చేరగానే నోరు మూసుకోవాలి.