గుండెకు జానెడు దూరంలో

తన గుండెకు జానెడు ఎడంగా గాలిలో నిలిచి ఉన్న తూటా దేవుడి దయవల్ల ఆగిందా, రైఫిల్ క్లబ్బు నిబంధనవల్ల ఆగిందా అన్న అనుమానం పైడిరాజుకు ఏళ్ళ తరబడి తీరలేదు. పూజ చేసుకుంటున్నప్పుడు దేవుడివల్లే అనిపించేది. డ్యూటీలో ఉన్నప్పుడు నిబంధనవల్లే అనిపించేది.

క్లబ్బులో టార్గెట్లకు పడిన చిల్లుల మీద మైదా జిగురుతో కాగితం ముక్కలు అంటించడం అతని పని. అతను టార్గెట్ల దగ్గర ఉన్నంతసేపూ పచ్చజెండా ఎగరాలి, ఎవరూ తుపాకీ ముట్టకూడదు. అప్పట్లో కొత్తగా చేరిన శేషగిరిరావుగారు, ఆ జెండా తన మొదటిరోజు గౌరవార్థం కట్టారనుకుని సంతోషంగా కాల్చారు.

జెండా ఉండగా పేలిన తూటా మనిషి ఎదురైతే ఆగాలని నిబంధన. కాల్చినవారు క్షమాపణ చెప్పాలి. ఎదుటివాడు పర్వాలేదనాలి. ఆ తర్వాతే తూటా ముందుకు వెళ్ళాలి. ఆ రోజు శేషగిరిరావుగారు టిఫిను వేళ అయిందని వెళ్ళిపోయారు. తూటా ఉండిపోయింది.

పైడిరాజు ఎటు తిరిగితే అదీ అటే ముందుకు వచ్చేది, వెనకనుంచి తగలడం మర్యాద కాదు గనక. బస్సులో కండక్టరు అతన్ని కిటికీవైపు తిరిగి నిలబడమనేవాడు. గుడిలో పూజారి పక్కనుంచి చెయ్యి చాచి శఠగోపం పెట్టేవాడు. భార్య గౌరమ్మ మెరుపు తగ్గకుండా తూటాను చింతపండుతో తోమేది, ఆయుధపూజనాడు కుంకుమబొట్టు పెట్టేది. ఊళ్ళో ఇంకొందరికీ ఇలాంటివి ఉండటంవల్ల ఎవరూ వింతగా చూడలేదు.

మొదట్లో గౌరమ్మే క్షమాపణ అడగమని పోరింది. తర్వాత ఏం జరుగుతుందో తట్టాక ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. పైడిరాజు మనసులో మాత్రం అది తనకు రావలసిన బాకీగానే ఉండిపోయింది. శేషగిరిరావుగారు కార్యదర్శి అయ్యారు. ఆదివారాలు కొత్త సభ్యులకు భద్రత గురించీ మర్యాద గురించీ పాఠం చెప్పేవారు. మధ్యలో పైడిరాజును పిలిపించి, తూటాను కర్రతో చూపించేవారు. అతను కదలకుండా నిలబడేవాడు.

ఈ ఏడాది క్లబ్బు ఆయనకు మర్యాదామూర్తి అని బిరుదు ఇవ్వాలనుకుంది. అది పుచ్చుకునేవారి తూటాలేవీ గాలిలో ఉండిపోకూడదట. అందుకని ఒక సాయంత్రం ఆయన అరటిపళ్ళు పట్టుకుని పైడిరాజు ఇంటికి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి చేతులు జోడించారు. చెవుల్లో అప్పటికే దూది పెట్టుకున్నారు.

"పైడిరాజూ, ఆ రోజు పొరపాటైపోయింది. ఏమీ అనుకోకయ్యా."

గౌరమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏటీ పలక్కు. ఇన్నాళ్ళూ నువ్వు కాసుకున్నావు. ఆయన్ని కూడా కొన్నాళ్ళు కాసుకోనీ."

శేషగిరిరావుగారు దించిన తల ఎత్తలేదు. వీధిలో జనం పోగయ్యారు. పెద్దాయన్ని అలా నిలబెట్టడమేమిటని ఒకరు, ముందు చేతులైనా దించమను అని ఒకరు గొణిగారు. తూటా సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఒక్కమాట సెప్పకపోతే బాగోదే," అన్నాడు పైడిరాజు భార్యతో.

"బాగోకపోతే ఏటవుద్ది?"

పైడిరాజుకు అంతవరకు ఎవరూ చేతులు జోడించలేదు. దేవుణ్ణే అడుగుదామని గూటివైపు తిరగబోయి, పటం సరిగ్గా తన వెనకే ఉన్నట్టు గమనించాడు. గురికి వెనకాల ఏముందో చూసుకోవడం క్లబ్బులో మొదటి పాఠం. పటానికి దండం పెట్టి, నాలుగడుగులు జరిగి, వట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గౌరమ్మను అవతలికి వెళ్ళమని చేత్తో సైగ చేశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జరిగింది.

చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. రావలసింది వచ్చేసినందుకు ఒళ్ళు తేలికైనట్టుంది.

"పర్వాలేదు బాబూ," అన్నాడు.

చెవుల్లో దూది ఉండటంవల్ల ఆ మాట శేషగిరిరావుగారికి వినబడలేదు. తూటాకు వినబడింది.