తువ్వాలు ఎత్తేదాకా

ఆదోని పత్తి యార్డులో వేలం నడిపే బాలకృష్ణయ్య మాటకన్నా ఆయన భుజం మీది తువ్వాలుకే విలువెక్కువ. వేలంలో ఆయన దాన్ని పైకెత్తితేనే కుప్ప అమ్ముడైనట్టు. అంతవరకూ ఎవరూ నోరు మెదపరు.

ఆ పొద్దున కాఫీ తాగుతూ ఆయన సాయంత్రం కచేరీకి పథకం వేశాడు. కూతురు ఇందు బెంగళూరులో పాశ్చాత్య సంగీతం నేర్చింది. రెండు శతాబ్దాల నాటి యూరప్ సంగీతం వాయించే తన గురువు బృందాన్ని పట్టుబట్టి ఆదోనికి రప్పించింది. చివర పాడేది తనే. "ఆ ఊళ్ళో ఎవరు వింటారు?" అని బృందంలో సగంమంది ముందే నవ్వారు. కచేరీ అభాసుపాలైతే ఆమెకిక అందులో చోటుండదు.

"నాయనా, వాయిస్తా వాయిస్తా మధ్యలో ఆపుతారు. అప్పుడు సప్పట్లు కొడితే మన మానం పోతాది."

"నేను తువ్వాలెత్తేదాకా ఒగడూ కొట్టడు తల్లీ. యార్డుకంతా సెప్పినా."

"యాడ అయిపోతాదో నీకు తెలుస్తాదా?" అంది అలివేలమ్మ.

"తెలీకపోతే ఎత్తను," అన్నాడు భార్యతో.

సన్మానాల భారం ఎమ్మిగనూరు మగ్గాల వ్యాపారి దాదాపీర్‌ది. "ముందు తువ్వాల, ఆ మీదట సప్పట్లు, ఆ మీదట శాలువా. అంతే కదన్నా," అన్నాడు అతను.

సాయంత్రానికి కల్యాణ మండపం యార్డు జనంతో నిండింది. మొదటి అంశానికి నాలుగు భాగాలు. మొదటి భాగం ఆగినప్పుడు ఒక్కరూ కదల్లేదు. ఇందు ఊపిరి పీల్చుకుంది. రెండో భాగం జోలపాటలా మెల్లగా సాగుతోంది. సంగీతానికి అడ్డమని ఫ్యాన్లు ఆపించారు. బాలకృష్ణయ్య అలవాటుకొద్దీ తువ్వాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

మండపం చప్పట్లతో దద్దరిల్లింది. దాదాపీర్ ఒక్క అంగలో వేదికెక్కి, ముందు వరుస వయొలిన్ విద్వాంసుడికి వయొలిన్‌తో సహా శాలువా కప్పేశాడు. పాపం, ఆయన లోపలినుంచే వాయిస్తూపోయాడు.

వేదిక పక్కనుంచి ఇందు చూసిన చూపుకు బాలకృష్ణయ్య తువ్వాలు మడిచి, దానిమీదే కూర్చున్నాడు.

దాంతో అసలు చిక్కొచ్చింది. నాలుగు భాగాలూ ముగిశాయి. వాద్యకారులంతా లేచి వంగి దండం పెట్టారు. సభ ఆయన ఖాళీ భుజాన్నే చూస్తూ బిగుసుకుపోయింది. రెండో అంశం ముగిసినా అంతే. వాద్యకారుల ముఖాలు వాడిపోయాయి.

"అన్నా, ఇప్పుడా?" అని దాదాపీర్ గుసగుసలాడాడు.

"కూకో," అన్నాడు బాలకృష్ణయ్య. అయిపోయిందో లేదో ఆయనకే తెలియదు.

అప్పుడు ఇందు పాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అన్ని వాద్యాలనూ దాటి పైకి లేచిన ఆ గొంతు తన బిడ్డదేనని తలచుకుంటే ఆయన గుండె గర్వంతో ఉప్పొంగింది. పాట ఆగింది. చీమ చిటుక్కుమనలేదు. ఇందు తండ్రి వైపు చూసింది. బాలకృష్ణయ్య కళ్ళు ధారగా కారుతున్నాయి. చెయ్యి భుజం తడుముకుంది, ఏమీ దొరక్క, కిందనుంచి తువ్వాలు లాగి కళ్ళు ఒత్తుకుంది.

మండపం మొత్తం లేచి నిలబడింది. మొదలైన చప్పట్లు ఆగితే ఒట్టు.

గురువుగారు కిందికి దిగొచ్చి చేతులు జోడించారు. "చివరి స్వరం గాలిలో కరిగేదాకా ఊపిరి బిగబట్టిన సభను నేనెక్కడా చూడలేదు. ఇకమీద మా కచేరీల్లో ప్రధాన గాయని ఇందూనే." మధ్యలో కప్పిన శాలువా గురించి ఎవరూ మాట్లాడలేదు. కప్పించుకున్నాయన దాన్ని తిరిగి ఇవ్వనూలేదు.

"అయిపోయిందని ఎట్ల తెలిసింది నాయనా?" అంది ఇందు, తండ్రిని హత్తుకుని.

"తెలీలేదు తల్లీ. ఏడుపొచ్చింది."

మర్నాడు యార్డులో మొదటి కుప్ప దగ్గర ఆయన తువ్వాలెత్తగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు, దాదాపీర్ పత్తి రైతుకు శాలువా కప్పాడు.