కాటా, మౌసు, విజయదశమి బోణి

కె.ఆర్.పురంలో రాగులు, బియ్యం అమ్మే ఆంజనేయులు అంగట్లో 1999 విజయదశమి పొద్దున జరగాల్సింది ఒక్కటే. కోడలు వరూధిని కొత్త కంప్యూటరు ముందు కూర్చుని తొలి బోణి చేయాలి. కాటా మీద సరుకు పెడితే బరువు తెరమీద దానంతటదే పడేలా ఆమె తమ్ముడు గిరిధర్ అన్నీ కలిపి పోయాడు. మూడు నెలలు బతిమాలితే ఆంజనేయులు ఒప్పుకున్నాడు, అదీ షరతు మీద.

"బోణి సరిగా అయితే నువ్వు అంగట్లో ఉండు. లేదంటే ఈ పెట్టె అటకెక్కుతాది, నువ్వు వంటింటికి పోతావు."

తొలి బేరానికి పిల్లమ్మ వచ్చి ఐదు కిలోల రాగులు అడిగింది. సంచి కాటా మీద పెట్టగానే తెరమీది బాణం నిప్పు తొక్కిన కోతిలా గెంతింది. దాన్ని ఆపుదామని వరూధిని మౌసు కదిపింది. బాణం వినలేదు గానీ, బరువు గడిలో ఎనభై ఒకటి పడింది.

"ఎనభై ఒక్క కిలోలా? నేను మోసుకొని పోయేదెట్లప్పా?" అంది పిల్లమ్మ.

వరూధిని గబగబా తమ్ముడికి ఫోన్ చేసింది.

"వైర్లు తగిలించే పోర్టులకి తెరమీద పెట్టిన స్పీడ్ చెక్ చేయక్కా. మౌసుకి పన్నెండు వందలు, కాటాకి తొమ్మిది వేల ఆరు వందలు."

"అంతే ఉండాది రా."

ఈలోగా ఆంజనేయులు, కాటాకు బరువు చాలలేదేమోనని, సంచిని ఎత్తి దబ్బున వేశాడు. బాణం ఎగిరి 'బిల్లు' మీద పడింది. ప్రింటరు కర్రుకర్రుమంటూ ఎనభై ఒక్క కిలోల బిల్లు కొట్టింది. ఒకటి కాదు, నాలుగు.

"దిష్టి తగిలుండాది," అని అత్తగారు లక్ష్మమ్మ సంచి పక్కకు తీసి, బూడిద గుమ్మడికాయ తెచ్చి కాటా మీదే పెట్టింది. బాణం మళ్ళీ పరుగు. కర్పూరం పెట్టడానికని కాయ ఎత్తితే ఆగింది. దించితే పరుగు.

వరూధిని లేచి కంప్యూటరు వెనక్కి తొంగి చూసింది. అక్కడి వైర్లన్నిటికీ తాజాగా కుంకుమ బొట్లున్నాయి.

"మామా, నిన్న ఆయుధపూజకి ఈ వైర్లు పీకిందెవరు?"

"నేనే. దుమ్ము తుడిచి, బొట్టు పెట్టి, మళ్ళీ తగిలిచ్చినా. రెండు తూట్లూ ఒకే మాదిరి ఉండాయి కదమ్మా," అన్నాడు ఆంజనేయులు, గొంతు కాస్త తగ్గించి.

కాటా వైరు మౌసు చోట, మౌసు వైరు కాటా చోట. వరూధిని రెండూ మార్చి, కంప్యూటరు ఒకసారి ఆపి మళ్ళీ వేసింది. రాగుల సంచి పెడితే ఐదు కిలోలు, గ్రాము తేడా లేదు. పిల్లమ్మ బోణి అయింది. వరూధిని కళ్ళు తుడుచుకుని, కాటా వైరుకూ దాని తూటుకూ పసుపు రాసింది. మౌసుకు కుంకుమే ఉంచింది.

షరతు మాత్రం షరతే. ఏటా ఆయుధపూజ నాడు కంప్యూటరు తుడవడం అయ్యేదాకా ఆంజనేయులు వంటింట్లో కొబ్బరి తురుముతుంటాడు.